ఇంట్లో పెద్దవాళ్లెందరు

మూడో ఉత్తరం గోధుమరంగు కాదు, తెల్లది.
అందుకే మేవిస్ థాక్రే దాన్ని విప్పింది.
గోధుమరంగువి ఎప్పుడో
రొట్టెల డబ్బా వెనక్కి చేరాయి,
మాట వినని పిల్లల్ని మూల నిలబెట్టినట్టు.

తెల్ల కాయితం మర్యాదగానే మొదలైంది.
ప్రియమైన, అంది.
ఆ తర్వాత సమన్లు, అంది.
బర్న్‌లీ మేజిస్ట్రేటు కోర్టు, మంగళవారం, పదింటికి.
ఇంటిపన్ను బాకీ ఆరువందల పన్నెండు పౌన్లు,
ఖర్చుల కింద ఇంకో ఎనభై అయిదు.
లేకనే కదా కట్టనిది!
కట్టనందుకు మరికాస్త కట్టమంటారు.
మూలిగే నక్క మీద
ఆ ఊళ్లో తాటిపండు పడదు,
వాన పడుతుంది.

బడి వంటగదిలో ఒక పూట సెలవడిగింది.
ఎందుకని అడిగితే పన్ను అంది,
వాళ్లు నోట్లో పన్ను అనుకున్నారు,
పోనీలే అని ఊరుకుంది.
(ఈ తమాషా మన భాషలోనే కుదురుతుంది;
ఆమె నిజంగా చెప్పిన అబద్ధం
ఇంతకన్నా పేలవమైనది.)

అసలు కోర్టు నడవాలోనే జరుగుతుంది.
మడతబల్ల, లాప్‌టాప్, టిష్యూల డబ్బా,
వాటి వెనక జలుబు చేసిన కుర్రాడు,
మెడలో కౌన్సిల్ కార్డు, పేరు ఇంతియాజ్.
ముందున్నాయన ప్యాంటు నిండా సున్నం మరకలు,
గోడకేసి తిరిగి
జడ్జిగారితో చెప్పాల్సింది వల్లె వేస్తున్నాడు.
చంటిదాని బండి ఊపుతున్న పిల్ల
ఒక చేత్తో ఊపుతూ, ఒక చేత్తో రసీదులు ఏరుతోంది.
ఎవరూ ఎవరి మొహమూ చూడరు.
చిన్న ఊరు.

"ఇంట్లో పెద్దవాళ్లెందరండీ?"

మామూలు ప్రశ్నే.
"ఒక్కరే అయితే నాలుగో వంతు తగ్గుతుంది,
నవంబరు నుంచీ వేసినా
రెండువందల నలభై దాకా రాలిపోతుంది."
నవంబరు మాట ఆమే చెప్పింది కాబోలు,
ఏ ఫోనులోనో, ఏ గుమాస్తాతోనో, నోరు జారి.

నవంబరులో, సూపులో ఉప్పు దగ్గర మొదలై
నలభై ఏళ్ల వెనక్కి పోయిన తగువులో
తమ్ముడు లయొనెల్ కోటు తీసుకున్నాడు.
బూట్లు తీసుకోలేదు.
చెప్పులతో వెళ్లినవాడు ఎంతదూరం పోతాడని
ఆ రాత్రి తలుపు గడియ పెట్టలేదు.
తర్వాత ఒకసారి ఫోను మోగి
ఎత్తేలోపు ఆగింది.

ఒళ్లో సమను ఉంది.
పైన మేవిస్ థాక్రే, మరియు, లయొనెల్ థాక్రే.
ఏడు నెలల్లో వాళ్లిద్దర్నీ
ఒక్కచోటికి పిలిచింది
ఈ కోర్టొక్కటే.
పదిన్నర దాకా ఆమె
వీధి తలుపువైపే కూర్చుంది.

"ఇద్దరం" అంది.
"ఆయనెక్కడున్నారు?"
"బయటికెళ్లాడు."
"ఎప్పుడు?"
"నవంబరులో."

ఇంతియాజ్ నవ్వలేదు. ముక్కు తుడుచుకున్నాడు.
నెలకి నలభై రాసి సంతకం చేయించి
ఒక ఫారం మడిచి ఆమె చేతిలో పెట్టాడు:
"ఇది మీ దగ్గరుంచండి.
మా అమ్మ కూడా చాన్నాళ్లు నింపలేదు."

లోపలికి వెళ్లనక్కర్లేదన్నా వెళ్లింది,
కోటు ఇస్త్రీ చేసుకున్నందుకైనా.
మూడువందల పద్దెనిమిది పేర్లట.
ఒక్కటీ చదవలేదు.
కట్టకి కట్టగా ఆర్డరు మంజూరైంది,
కోడిగుడ్డు ఉడికేంతసేపు కూడా పట్టలేదు.
ఆ కట్టలో ఎక్కడో
ఒక "మరియు"
ఎవరి కంటా పడకుండా నెగ్గింది.

బస్సులో అద్దం మీద వాన.
మోకాలి మీద ఫారం పరిచింది, పెన్ను తీసింది.
ఖాళీ గడిని కాసేపు చూసింది.
తిప్పి, వెనకవైపు రాసుకుంది:
పాలు
మెట్ల దగ్గరికి బల్బు
బూట్ పాలిష్, నల్లది.